నోరు లేని రేడియో

నేను ఒక చెవిని. ఒట్టి చెవిని. అరచేతిలో ఇమిడే నల్ల పెట్టె, నెత్తిన రబ్బరు కొమ్ము, బొజ్జ నిండా మీటలు, వీపున బ్యాటరీలు పెట్టే అర, ఇదీ నా రూపం. నన్ను స్కానర్ అంటారు. గాలిలో ఎవరెవరు వాకీటాకీల్లో మాట్లాడుకుంటున్నారో వెతికి పట్టుకుని వినిపించడం నా వృత్తి. వినిపిస్తానే గానీ తిరిగి ఒక్క ముక్క పలకలేను. మరి ఇప్పుడింత వాగుతున్నావేమిటని మీరు అడగొచ్చు. బతుకంతా ఊళ్లోవాళ్ల మాటలు విన్నదానికి ఒక్క పూట తన మాట చెప్పుకునే హక్కు ఉండదా, చెప్పండి!

పుట్టింది సముద్రాల అవతల, ఒక పెద్ద ఫ్యాక్టరీలో. తెల్ల టోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు నాలో సన్నటి తీగలు అతికి, మూత బిగించి, చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి విని, ఫరవాలేదన్నట్టు తలాడించి డబ్బాలో పెట్టారు. నన్ను మొదట కొన్నది ఓడలో కరెంటు పని చేసే ఒక కాకినాడ మనిషి. ఏదో రేవులో చవగ్గా వస్తే కొన్నాడు. ఇంటికి తెచ్చి, చుట్టాలందరినీ కూచోబెట్టి, నా బొజ్జ మీద మీట నొక్కి "హలో, హలో" అని అరిచాడు. ఎంతసేపరిచినా నేను పలకలేదు. చుట్టాలు నవ్వారు. ఆయనకి తల కొట్టేసినట్టయింది.

"మాట్లాడ్డానికి లేని రేడియో ఏంటండీ, దండగ!" అని నన్ను ఒక పాత మిక్సీకి మారకం ఇచ్చేశాడు. మనుషుల్లో నేను మొదట గమనించిన గుణం అదే. వాళ్లకి నోరున్న వస్తువు మీద ఉన్న మోజు చెవి ఉన్నదాని మీద ఉండదు.

ఆ మిక్సీ ఇచ్చి నన్ను తీసుకున్న మహానుభావుడి పేరు కోదండపాణి. గోదావరి పాయ పక్కన, వెదుళ్లగరువు అనే ఊళ్లో, ఏటిగట్టు దిగువన మందుల షాపు ఆయనది. మందులమ్మేవాణ్ణి డాక్టరనడం ఊరి మర్యాద కాబట్టి అందరూ ఆయన్ని డాట్రు బాబు అనేవారు. ఆయనకి హామ్ రేడియో లైసెన్సు ఉంది. అంటే మామూలు రోజుల్లో సరదాకి, ఆపద రోజుల్లో సాయానికి రేడియోలో మాట్లాడుకునే బాపతు జనం. వరదలొస్తే ఫోన్లు మూగబోతాయి గదా, అప్పుడు వీళ్ల క్లబ్బు జిల్లా అధికారులకి చేదోడుగా ఉండేది. అందుకని వరద పనులు చూసే శాఖల మాటలు వినడానికి ఆ క్లబ్బుకి అనుమతి ఇచ్చారు. ఒకటే షరతు. విన్నది నోరు దాటకూడదు. నాకేం, ఆ షరతు పుట్టుకతోనే వచ్చింది.

నన్ను షాపులో నొప్పి మందు డబ్బాల వెనక పెట్టి రోజంతా వినేవాడాయన. అక్కడే నా బతుకులోకి మంగాయమ్మ వచ్చింది.

మంగాయమ్మ కొబ్బరిపీచుతో తాళ్లు పేనే మనిషి. మొగుడు పోయి చాలా ఏళ్లయింది. ఒక్కడే కొడుకు, గవర్రాజు. అగ్నిమాపక శాఖలో పడవ నడుపుతాడు. అదే, వరదొస్తే జనాన్ని బయటికి తెచ్చే మోటారు పడవ. ఒకరోజు ఆమె బీపీ మాత్రలకని వచ్చి కొంగు ముడి విప్పుతూ ఉండగా, డబ్బాల వెనక నుంచి నేను నా ధోరణిలో వినిపించాను: "కంట్రోల్, బోట్ టూ. లాకుల దగ్గిరున్నామండి."

మంగాయమ్మ చేతిలో మాత్రలు కింద పడ్డాయి.

"డాట్రు బాబో! మా గవర్రాజండీ! మా వాడు మీ బీరువాలోకి ఎప్పుడు దూరేడండీ?"

ఆయన నవ్వుతూ నన్ను తీసి చూపించాడు. ఆమె నన్ను రెండు చేతులా పట్టుకుని, కళ్లకద్దుకుని, కొమ్ము కిందికీ మీదికీ చూసింది. ఆ రోజు నుంచి ఆమెకి బీపీ ఉన్నా లేకపోయినా పొద్దున్నే షాపు మెట్ల మీద ప్రత్యక్షం. వచ్చి పీచు పేనుతూ కూచునేది. కొడుకు గొంతు వినపడితే చెయ్యి ఆగేది, ముఖం వెలిగేది. వాడు చెప్పేదేమీ ఘనకార్యం కాదు. డీజిల్ పట్టించామనో, రేవులో ఉన్నామనో. అయినా సరే, "ఇవాళ గొంతు కాస్త బొంగురుపోయిందండి, సన్నీళ్లు తాగుంటాడు ఎదవ" అని తీర్పు చెప్పేది. మంచి మనసే గానీ నోరు ఆగదు. విన్నది బయట చెప్పకూడదని డాట్రు బాబు ఒట్టు వేయించుకుంటే మాత్రం, పక్కింటావిడ పీక్కుతిన్నా ఒక్క ముక్క చెప్పలేదు.

ఇక్కడ నా విద్య గురించి కాస్త చెప్పుకోవాలి. లేకపోతే తరవాత జరిగింది మీకు అంతుపట్టదు. పూర్వం ఒక్కో శాఖకీ ఒక్కో సొంత దారి ఉండేది గాలిలో. పోలీసులది పోలీసులదే, కరెంటువాళ్లది వాళ్లదే. ఒక దారి పట్టుకుని కూచుంటే వాళ్ల మాటలన్నీ వినపడేవి. తరవాత ట్రంకింగ్ అనే కొత్త పద్ధతి వచ్చింది. దారులు కొద్దే, అవి అందరికీ ఉమ్మడి. ఎవరైనా మీట నొక్కితే ఖాళీగా ఉన్న దారి ఒకటి వాళ్ల గ్రూపుకి, అంటే ఒకే పని మీదున్న జట్టుకి, ఇస్తారు. మాట అవగానే వెనక్కి తీసేసుకుంటారు. మళ్లీ నొక్కితే మళ్లీ ఏది ఖాళీ ఉంటే అది. ఒక్క దారిని మాత్రం మాటలకి ఇవ్వరు. ఆ దారిలో, ఈ మాటలన్నిటినీ అందుకుని పంపే టవరు అస్తమానూ ప్రకటనలు చేస్తూ ఉంటుంది, ఫలానా గ్రూపు ఫలానా దారికి వెళ్లండి అని. అది యంత్రాల భాష. మనిషి చెవికి ఎడతెగని గుర్రుమనే మోత. నేను చేసేదల్లా ఆ మోతని వింటూ, అది ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పరిగెత్తడం. నేను పాత మోడల్ని కాబట్టి, మాటకీ మాటకీ మధ్య ఆ మోతని బయటికీ వినిపిస్తాను.

మంగాయమ్మకి ఆ మోతంటే పరమ చికాకు. "పంది గురకండీ బాబూ ఇది!" అనేది. అక్కర్లేని గోలని శాశ్వతంగా దాటేసే మీట ఒకటి నాకుంది. డాట్రు బాబు ఆ మీట నొక్కడం ఆమె ఎప్పుడు చూసిందో ఏమో, ఆయన భోజనానికి లేచిన సమయం చూసి, ఆ గుర్రు వస్తుండగా టకామని నొక్కేసింది. ఈ వినికిడి సరదా కొత్తగా పట్టుకున్న ప్రతివాడూ చేసే తప్పే ఇది. చదువుకున్నవాళ్లూ చేస్తారు. ఇంకేముంది, నా పరిస్థితి అయోమయం. ఎక్కడికి పరిగెత్తాలో చెప్పేవాడు లేడు. ఉన్న దారిలోనే గుడ్లప్పగించి నిలబడ్డాను. ఎవరో ప్రశ్న అడగడం వినపడేది, జవాబు ఇంకెక్కడో వచ్చేది. గవర్రాజు సగం మాట, కరెంటాఫీసు సగం మాట.

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చేసరికి మంగాయమ్మ నన్ను చితకబాదుతోంది. "మీ పెట్టెకి పిచ్చెక్కిందండి. మా వోడు పడవ కట్టేశామన్నాడు, ఇంకోడెవడో స్తంభం మీదికి ఎక్కేననంటన్నాడు. ఇదేం సంసారమండీ!"

డాట్రు బాబు నన్ను చూసి విషయం పట్టేశాడు. కోప్పడలేదు. నన్ను సరిచేసి, స్టూలు జరుపుకుని కూచున్నాడు.

"మంగాయమ్మా, నువ్వు రావులపాలెం బస్టాండుకి వెళ్లావనుకో. కాకినాడ బస్సు నిన్న మూడో ప్లాట్‌ఫారం మీదికొచ్చింది. ఇవాళా అక్కడికే వస్తుందా?"

"ఎందుకొత్తాదండీ? ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడెడతాడు."

"మరి నీకెలా తెలుస్తుంది?"

"మైకులో సెబుతాడు గదండి."

"ఆ మైకువాడే ఈ గుర్రుమనేవాడు. నువ్వు వాడి నోరు మూసేసి, మూడో ప్లాట్‌ఫారం పట్టుకుని కూచున్నావు. నీ కొడుక్కి సొంత దారంటూ లేదమ్మా. వాడికున్నది గ్రూపు. కాకినాడ బస్సులో కూచున్నవాడికి రాజమండ్రి బస్సులోవాళ్ల మాటలు వినపడవు చూడు, అలాగే ఈ గ్రూపుకి ఆ గ్రూపు వినపడదు. బస్టాండు అరుగు మీద కూచుని అన్నీ వినేది ఇదొక్కటే."

మంగాయమ్మ నా వంక ఎగాదిగా చూసింది. "అయితే దీన్ని కొట్టడం తప్పేనండి" అంది. నాకు ఆ మాత్రం చాలు.

ఆ ఏడాది శ్రావణంలో గోదావరి పోటెత్తింది. ఏటి మధ్య లంకలు ఒకటొకటిగా మునుగుతున్నాయి. క్లబ్బువాళ్లని జిల్లా కేంద్రంలో కంట్రోల్ రూముకి రమ్మన్నారు. డాట్రు బాబు షాపులో మందులన్నీ అటకెక్కించి, నన్ను తీసుకెళ్లి మంగాయమ్మ చేతిలో పెట్టాడు.

"ఈ టవరు కింద మా వాళ్లెవరూ లేరు మంగాయమ్మా. ఇక్కడికి నువ్వే మా చెవి. ఆ సంగతి పైవాళ్లతో చెప్పాను. తేడాగా ఏదన్నా అనిపిస్తే ఫోను చెయ్యి."

"తేడా అంటే ఎలాగండీ?"

"ఒక్కోసారి ఈ టవరుకీ టౌనుకీ మధ్య లింకు తెగుతుంది. అప్పుడు కూడా ఈ గుర్రు ఆగదు సుమా. బస్టాండులో మైకు మోగుతూనే ఉంటుంది, బస్సులు లోపల్లోపల తిరుగుతూనే ఉంటాయి. టౌనుకెళ్లే రోడ్డు మాత్రం ఉండదు. ఇక్కడివాళ్ల మాట కంట్రోల్ రూముకి చేరదు. అక్కడివాళ్లేమో అంతా సద్దుమణిగింది, అందుకే మాటల్లేవు అనుకుంటారు." వెళ్లబోతూ ఆగి, "ఇంకో మాట. కరెంటు లేదు, కొట్లు లేవు. బ్యాటరీలు ఇవే. అస్తమానూ పెట్టుకోకు" అన్నాడు.

ఆయ్, అలాగేనండి అంది. అని, ఆయన గట్టు మలుపు తిరిగాడో లేదో నన్ను ఆన్ చేసి కొంగున కట్టుకుంది. ఇక ఆపలేదు. గవర్రాజు పలికినా వింది, పలకకపోయినా వింది. నా బ్యాటరీలు హరించుకుపోతుంటే నాకు తెలుస్తూనే ఉంది. చెప్పడానికి నోరేదీ?

మర్నాడు పొద్దున గవర్రాజు కొంగల లంకకి బయల్దేరాడు. అక్కడ ముందు రోజు పడవెక్కని జనం కొందరు ఉండిపోయారు, గొడ్లని వదిలి రామని మొండికేసినవాళ్లూ, వాళ్ల పిల్లలూ. "కంట్రోల్, బోట్ టూ. లంకకి పోతన్నామండి" అన్నాడు. "రోజర్" అంది కంట్రోల్. మంగాయమ్మ తలాడించింది.

ఆ తరవాత వాన దంచింది. ఏ క్షణాన తెగిందో నేను చూడలేదు గానీ, ఆ వానలో టవరుకీ టౌనుకీ మధ్య లింకు తెగిపోయింది. నా వరకు ఏ తేడా లేదు. గుర్రు గుర్రుగానే ఉంది. గవర్రాజు మళ్లీ పలికేసరికి గొంతు మారిపోయింది.

"కంట్రోల్, బోట్ టూ. లంకలోవాళ్లని ఎక్కించుకున్నామండి. ఇంజన్లో గుర్రపుడెక్క సుట్టుకుపోయింది, తిరగట్లేదు. ప్రవాహం లాగేత్తంది. కొబ్బరిచెట్టుకి కట్టేం. ఇంకో పడవ పంపండి."

జవాబు లేదు.

"కంట్రోల్, బోట్ టూ. ఇనపడతందాండి?"

జవాబు లేదు. మంగాయమ్మ పీచు అవతల పెట్టి నన్ను చెవికి ఆనించుకుంది. వాడు మళ్లీ పిలిచాడు. "బోట్ త్రీ! అప్పల్సామన్నా! నువ్వన్నా ఇంటన్నావా?" అప్పలస్వామి ఆ మూడో పడవ నడిపేవాడు, గవర్రాజు గ్రూపువాడే. వాడూ పలకలేదు.

ఆ మాట అవగానే మైకువాడు నన్ను ఇంకో దారికి తరిమాడు. అక్కడ అప్పలస్వామి గొంతే ఖంగుమని వినపడింది.

"బోట్ త్రీ, లాకుల దగ్గిర రెడీ అండి."

"పెద్దసారు దగ్గర్లోనే ఉన్నారు. పడవలో కుర్చీలు తుడిచారా?"

"తుడిసేమండి. బొండాలు కూడా ఎక్కించేం."

విషయం ఏమిటంటే, వరద చూడ్డానికి ఒక పెద్ద ఆఫీసరు వస్తున్నాడని, ఆ రోజుకి అప్పలస్వామి పడవని ఏర్పాట్లు చూసే గ్రూపులోకి మార్చారు. వాకీటాకీ మీద గుండీ ఒక్క మెట్టు తిప్పితే గ్రూపు మారిపోతుంది. తిప్పాక పాత గ్రూపులో పీక తెగేలా అరిచినా వినపడదు. గవర్రాజు సెట్టులో ఆ ఏర్పాట్ల గ్రూపు అసలు పెట్టనేలేదు. ఒకే టవరు కింద, ఒకే ఏటి మీద, ఒకడు ప్రాణాలు పట్టుకుని పిలుస్తున్నాడు, ఇంకొకడు బొండాలు లెక్క చూసుకుంటున్నాడు. ఎవడిదీ తప్పు కాదు. ఎవడికీ రెండోవాడు వినపడడు, అంతే. రెండూ వింటున్నది నేను. నన్ను పట్టుకున్నది మంగాయమ్మ.

ఆమె ఫోను తీసి నొక్కింది. ఫోను చచ్చి ఊరుకుంది. గట్టు మీదికి పరిగెత్తి చుట్టూ చూసింది. ఊళ్లో మగవాళ్లంతా గండి పడకుండా ఇసక బస్తాలు వెయ్యడానికి ఎగువకి పోయారు. అప్పలస్వామి పడవ ఉన్న కాలవ లాకులు దిగువన, గట్టెంబడి చాలా దూరం.

"కంట్రోల్, బోట్ టూ." గవర్రాజు ఈసారి నెమ్మదిగా, పిల్లలు బెదరకూడదన్నట్టు మాట్లాడాడు. "నైలాను తాడు తెగిపోయిందండి. మా అమ్మ పేనిన తాడు మీద ఉన్నాం. తాడు తెగదు. చెట్టు మాటే సెప్పలేను."

మంగాయమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. సరిగ్గా అప్పుడే నా ముఖం మీద బ్యాటరీ గుర్తు టపటపా కొట్టుకోవడం మొదలైంది. ఆ గుర్తేమిటో ఆమెకి తెలుసు. డాట్రు బాబు చూపించే ఉన్నాడు.

ఆ క్షణం నాకు నిన్న జరిగినట్టుంది. ఆమె బొటనవేలు నా మీట మీద ఉంది. లాకుల దగ్గరికెళ్లి నోటితో చెబితే ఎవడు నమ్ముతాడు? కంట్రోల్ రూమే అంతా బాగుందంటుంటే, పీచు పేనే ముసల్ది చెప్పిందని ఆఫీసరు పడవ వదులుతారా? వాళ్ల చెవిలో వాడి గొంతు పడాలి. పడాలంటే నేను అక్కడిదాకా బతికి ఉండాలి. నేను బతకాలంటే ఇప్పుడే ఆపేయాలి. ఆపితే, దారంతా, కొడుకు ఉన్నాడో లేడో ఆ తల్లికి తెలియదు.

గవర్రాజు ఇంకా ఏదో చెబుతున్నాడు. "పిల్లల్ని మధ్యలో కూసోబెట్టి..."

"ఉండ్రా నాయనా. వత్తన్నా" అని ఆమె మీట తిప్పేసింది. ఏ గొంతు కోసం నన్ను కొంగున కట్టుకుందో ఆ గొంతుని మాట మధ్యలో తన చేత్తో ఆపేసింది. మనుషుల్లో అంత గట్టి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆపేశాక నాకేమీ తెలియదు. తరవాత షాపులో పదిమంది ముందూ ఆమె చెప్పగా విన్నదే మీకు చెబుతున్నాను. నన్ను తడవకుండా మందుల ప్లాస్టిక్ సంచీలో చుట్టి, మూతి మెలిపెట్టి, కొప్పులో దోపుకుంది. చీర మోకాళ్లదాకా ఎగ్గట్టింది. గట్టు మధ్యలో ఒకచోట నీళ్లు పొర్లుతున్నాయి. అక్కడ కూచుని, చేతులు ఆనించి, జరుక్కుంటూ దాటింది. కాలు జారి ఒకసారి నడుం దాకా దిగబడితే, పక్కనున్న తుమ్మకంప పట్టుకుని లేచింది. అరచేతులు చీరుకుపోయాయి. దారి పొడుగునా ఆమె చెయ్యి నా మీదికి వచ్చేదట, ఒక్కసారి తిప్పి వాడున్నాడో లేడో విందామని. వచ్చిన చేతిని రెండో చేత్తో కొట్టేదట. ఈ మాట చెప్పేటప్పుడు నవ్వింది గానీ, వింటున్నవాళ్లెవరూ నవ్వలేదు.

మళ్లీ మీట తిరిగి నాకు తెలివొచ్చేసరికి లాకుల దగ్గర ఉన్నాం. గొడుగులు, తెల్ల చొక్కాలు, కుర్చీలేసిన పడవ.

"ఎవరమ్మా నువ్వు? ఏమిటిది? ఇది నీకెవరిచ్చారు?" అంటున్నాడు ఒకాయన. ఆయనే పెద్ద ఆఫీసరని గొడుగు బట్టి తెలిసింది.

"ఎవరిచ్చేరో తరవాత అడుగుదురు గాని, ముందు ఇనండి బాబూ. మా వోడు కొంగల లంక కాడ చెట్టుకి కట్టుకుని ఉన్నాడండి. పడవ నిండా పిల్లలు. పిలుత్తున్నాడు, కంట్రోలోళ్లకి పోవట్లేదండి."

"లంకలన్నీ ప్రశాంతంగా ఉన్నాయని వాళ్లు పొద్దునే చెప్పారే!"

"మాటలు రాకపోతే పెశాంతమేనండి. లింకు తెగిందండి బాబూ."

నేను మైకువాణ్ణి వెతికి పట్టుకున్నాను. గుర్రు మొదలైంది. అందరూ మెడలు చాచి విన్నారు. గుర్రు తప్ప ఏమీ లేదు. బ్యాటరీ గుర్తు గుడ్డిగా కొట్టుకుంటోంది. నా బతుకులో ఎప్పుడూ ఎవరినీ ఏమీ కోరుకోలేదు. ఆ రోజు మాత్రం మీట నొక్కరా గవర్రాజూ అని కోరుకున్నాను.

"ఏమీ లేదు కదమ్మా" అన్నాడు ఆఫీసరు. కసురుకోలేదు, జాలిగానే అన్నాడు.

మంగాయమ్మ ఆయన్ని వదిలేసి అప్పలస్వామి వైపు తిరిగింది. "ఒరే అప్పల్సామీ, నీ డబ్బా గుండీ ఒక్క మెట్టు తిప్పరా. ఒక్క మెట్టు. నీ కాళ్లు పట్టుకుంటాను."

"తిప్పకూడదత్తా. ఆర్డరు..." అని వాడు ఆఫీసరు ముఖం చూశాడు.

అప్పుడు గుర్రు తెగింది. నేను పరిగెత్తాను. ఉన్న జీవమంతా గొంతులోకి తెచ్చుకుని వినిపించాను.

"కంట్రోల్... బోట్ టూ. ఎవరన్నా ఇంటే... చెట్టు ఒరుగుతోందండి. సిన్నపిల్లల్ని ముందు..."

అంతే. నా బ్యాటరీలు అయిపోయాయి.

ఇంతవరకూ ఎవరెవరి మాటలో విన్నాను. పెళ్లి భోజనాల గురించి పోలీసులు చెప్పుకున్నవి, కరెంటువాళ్ల తగూలు, ఎందుకూ పనికిరానివెన్నో. అన్నిట్లోకీ నేను వినవలసిన జవాబు ఒక్కటే ఒక్కటి, దాన్ని వినలేకపోయాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

కొన్నాళ్లకి షాపులో, నొప్పి మందు డబ్బాల పక్కనే, డాట్రు బాబు నాకు కొత్త బ్యాటరీలు వేశాడు. కళ్లు తెరిచీ తెరవగానే గవర్రాజు గొంతు! అలవాటుకొద్దీ మైకువాణ్ణి వెతకబోయాను. అక్కర్లేకపోయింది. వాడు గాలిలోంచి కాదు, బల్లకి అవతల నిలబడి మాట్లాడుతున్నాడు. అమ్మకి బీపీ మాత్రలకని వచ్చాడట. ఆమె మెట్ల మీద చేతులకి కట్లతో కూచుని ఉంది.

"మళ్లీ సెప్పరా. అప్పల్సామి ఏవన్నాడు?"

"ఎన్నిసార్లు సెప్పనే అమ్మా!"

"సెప్పరా, డాట్రు బాబు ఇనలేదు."

గవర్రాజు నవ్వాడు. తరవాత నవ్వు ఆపి చెప్పాడు. "ఇక అయిపోయిందనుకున్నానండి డాట్రు గారూ. పిల్లలు నన్నే సూత్తన్నారు. అప్పుడు సెట్టులో అప్పల్సామి గొంతు ఇనపడింది. 'రాజూ, తాడొదలకు, వత్తన్నా. మీయమ్మ ఇక్కడే ఉంది' అన్నాడండి." ఆపై గల్లా మీద వేలితో గీతలు గీస్తూ నిలబడ్డాడు. పడవలో ఉన్నవాళ్లంతా బయటపడ్డారు. చెట్టు మాత్రం, ఆఖరి మనిషి ఇవతలి పడవలోకి దాటాక, తాడుతో సహా పోయింది.

చూశారా, ఆ జవాబు నాకు ఆలస్యంగానైనా చేరింది. దారి మారి వచ్చింది, అంతే.

నన్ను పదిమందికీ వినిపించినందుకు డాట్రు బాబుని పిలిచి అడిగారు. షరతు తప్పిందన్న మాట నిజమే, మరి ఆ పని చెయ్యకపోతే ఏమయ్యేదో మీరే చెప్పండి అన్నాడట ఆయన. ఆ గొడుగు ఆఫీసరే కల్పించుకుని అంతటితో ఆపించాడు. వరద రోజుల్లో ఏ పడవనీ దాని గ్రూపులోంచి తియ్యకూడదని ఆర్డరు కూడా వేయించాడు. మనుషులు అప్పుడప్పుడూ వింటారు కూడా.

తరవాత పాత పద్ధతి పోయి కొత్తది వచ్చింది. ఇప్పుడు మాటలకి తాళం వేస్తున్నారు. వాళ్ల సెట్లలో తప్ప బయట ఎవరికీ అర్థం కాకుండా మాట నలిగిపోయి వస్తుంది, నాలాంటిది దాన్ని విప్పలేదు. నాకు మిగిలింది మైకువాడి గుర్రు ఒక్కటే. దానికి తాళం లేదు. డాట్రు బాబు నన్ను పాత సామానుకి ఉల్లిపాయలిచ్చేవాడికి ఇచ్చేద్దామని వాడి బుట్ట పక్కన పెడితే, మంగాయమ్మ చూసింది.

"బతికున్నదాన్ని అమ్ముతారేటండీ!" అని కేకలేసి నన్ను పట్టుకుపోయింది.

ఇప్పుడు ఆమె తాడు పేనే రాట్నం పక్కన గూట్లో ఉంటున్నాను. నా కింద మందుల సంచీలో చుట్టిన కొత్త బ్యాటరీలు ఎప్పుడూ ఉంటాయి. గవర్రాజు ఇంకా పడవ నడుపుతూనే ఉన్నాడు. నది వరదనీటితో ఎర్రబడినప్పుడల్లా ఆమె పని ఆపి, నన్ను ఆన్ చేసి, ఒకప్పుడు పంది గురక అన్న ఆ మోతని కళ్లు మూసుకుని వింటుంది. ఆ మోత ఉన్నంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదని నాకు తెలుసు. నాకంటే బాగా ఆమెకి తెలుసు.

"ఏవుందే అమ్మా అందులో, గోల తప్ప?" అంటాడు గవర్రాజు ఇంటి పట్టున ఉన్న రోజు.

"బస్సులు తిరుగుతున్నాయిరా" అంటుంది ఆమె. ఇంకాసేపు విని, మీట తిప్పి నన్ను ఆపేస్తుంది. బ్యాటరీలు మిగలాలి కదా.